వీధి చూడని చెప్పులు

ఈ పొద్దున మా సందులో జిల్లేడాకు కమురు వాసన వచ్చింది. ఇటుకను ఎర్రగా కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించి కాపడం పెడితే వచ్చే వాసన అది. పచ్చి ఆకు, కాలిన మట్టి, చేదు పొగ మూడూ కలిసి గొంతులో పట్టుకుంటాయి. మా టాటానగర్ సిద్ధగోరాలో ఇప్పుడు అందరివీ గ్యాసు పొయ్యిలే. అయినా ఎవరో పెరట్లో నాలుగు పుల్లలు అంటించి ఇటుక కాలుస్తున్నారంటే, ఆ ఇంట్లో ఎవరికో మడమ పట్టేసిందన్నమాట. ఒకప్పుడు నా మడమా అలాగే కాలింది. వాసన ముక్కుకు తగలగానే మాత్రం నాకు నా మడమ గుర్తు రాలేదు. రూతమ్మగారు గుర్తొచ్చారు.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాసిపెడుతోంది. ఏళ్ళ తరబడి పెళ్ళివంటల పొగలో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మాట కూడా గొంతులాగే గరుకు. ఏరుకుని, కడుక్కుని మాట్లాడడం నాకు చేతకాదు. అయినా రూతమ్మగారిని ఎరగని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని ఉంది. ఈ రోజు నేను నా కాళ్ళ మీద నిలబడి ఉన్నానంటే ఆవిడ వల్లే, అది మాటవరసకు అంటున్నది కాదు. నిజంగా కాళ్ళ సంగతే చెబుతున్నాను.

మా ఆయన ఇక్కడి కార్ఖానాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసేవాడు. జ్వరమని పడుకున్న మనిషి పదిహేను రోజుల్లో పోయాడు. అప్పటికి మా దుర్గకు పదేళ్ళు. మా విజయనగరం వైపు నుంచే వచ్చిన అప్పలనర్సమ్మ పిన్ని ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు వంటలు చేయించేది. సొంత పిన్ని కాదు, కానీ ఆమెను అందరం పిన్ని అనే పిలుస్తాం. ఆమె నన్ను తన వంటమనుషుల్లో చేర్చుకుంది. మొదట అంట్లు, తరవాత కూరగాయలు, ఆరేడేళ్ళకు పెద్ద పొయ్యి. పెద్ద పొయ్యి అంటే పప్పు, పులుసు, అన్నం దిగే చోటు. అక్కడ నిలబడే మనిషికే వంటశాలలో మాట చెల్లుతుంది. నన్ను అక్కడ నిలబెట్టిన రోజున పెళ్ళివారింటి ఆవిడ ఒకామె నా బోసి మెడ చూసి, "శుభకార్యం కదా, ఈమె చేత్తోనా?" అంది. పిన్ని గరిటె దించకుండానే చెప్పింది:

"పప్పు ఉడకడానికి తాళిబొట్టు కావాలేటమ్మా? నిప్పు కావాల. అది సాలు."

అలాంటి మనిషి దగ్గర పని చేస్తున్నాను కనకే, మడమ నొప్పి వచ్చినప్పుడు ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ నొప్పి ఎలా ఉండేదో పడినవాళ్ళకే తెలుస్తుంది. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద గాజుపెంకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. పని ఊపులో పడితే మరిచిపోయేదాన్ని. టీ తాగుదామని పది నిమిషాలు కూర్చుని లేస్తే మళ్ళీ గాజుపెంకు. అందుకని కూర్చోవడమే మానేశాను. కూర్చోకుండా నిలబడితే సాయంత్రానికి పాదం మొత్తం సలిపేది. మా అమ్మ చెప్పిన వైద్యం గుర్తొచ్చి ఇటుక కాల్చాను. వేడికి హాయిగానే ఉండేది. హాయిగా ఉంది కదా అని ఒకరోజు ఇంకాస్త కాల్చాను. జిల్లేడు పాలు తగిలాయో, వేడే ఎక్కువైందో, మడమ చుట్టూ బొబ్బలు లేచాయి. దుర్గ చూసి, పిచ్చెక్కిందా, డాక్టరుకు చూపించుకోమని కయ్యిమంది. దానికి తెలుగు వచ్చు, కానీ కోపం మాత్రం హిందీలోనే వస్తుంది.

"పాగల్ హో గయీ హో క్యా, మా? డాక్టర్ కో దిఖావో నా!"

"డాక్టరు దగ్గరికెల్తే ఎముకలో ముల్లు పెరిగినాదని కోసేత్తాడు. ఆరు నెలలు మంచం. అప్పుడు పొయ్యి దగ్గర నువ్వు నిలబడతావేటి?" అన్నాను. ముల్లు సంగతి నాకు వంటశాలలో ఎవరో చెప్పారు. మడమ ఎముకకు ముల్లు మొలుస్తుందని, అడుగు వేసినప్పుడల్లా అది మాంసంలోకి దిగుతుందని. నేను నమ్మాను. నమ్మిన దగ్గర్నుంచి ఆ ముల్లు లోపల పెరుగుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉండేది.

రూతమ్మగారిది మా సందు మొదట్లో ఇల్లు. కాకినాడ దగ్గరి నుంచి చిన్నప్పుడే అన్నగారితో వచ్చి, ఇక్కడ ఒక పెద్దాసుపత్రిలో కాళ్ళూ చేతులూ పట్టేసిన వాళ్ళ చేత కసరత్తులు చేయించే గదిలో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మిగతా ఆరు రోజులూ వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే వాళ్ళ నడకలు చూసేవారు. మొహాలు కాదు, నడకలు. ఒకరోజు నేను మెట్లు పక్కవాటుగా దిగుతుంటే పిలిచారు.

"ఇదిగో అమ్మాయీ, పొద్దున్న కుంటుతావు. తొమ్మిదింటికి బజారుకు వెళ్ళేటప్పుడు బాగానే నడుస్తావు. మధ్యాహ్నం కూర్చుని లేస్తే మళ్ళీ కుంటుతావు. అవునా, కాదా?"

నాకు ఒళ్ళు మండింది. "నా అడుగులు లెక్కెట్టడానికి మీకెవురన్నా జీతం ఇత్తన్నారేటి అమ్మగారూ?" అన్నాను.

"నలభై ఏళ్ళు ఇచ్చారు. ఇప్పుడు ఊరికే లెక్కపెడుతున్నాను. రా, కూర్చో."

ఎందుకు కూర్చున్నానో తెలియదు.  అరవై దాటిన మనిషి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకోబోయారు. నేను చటుక్కున లాక్కున్నాను.

"అయ్యో, పెద్దోరు, నా కాళ్ళు అట్టుకోడమేటి! నాకు ఆయుస్సు తగ్గిపోద్ది."

"తగ్గితే నా ఆయుష్షులోంచి ఇస్తాలే. కాలు ఇలా పెట్టు."

కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం పెదవులు కదిపారు. తరవాత బొటనవేలితో మడమ కింద, లోపలి వైపు ఒక్కచోట నొక్కారు. నేను అరిచిన అరుపు సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆవిడ తల ఊపారు. బొబ్బలు కూడా చూశారు. చివరికి, "నేను డాక్టర్ని కాను. నాకు తెలిసినట్టే ఉంది, కానీ తెలిసినట్టుంది అనుకుని కాలితో ఆటలాడకూడదు. రేపు ఆసుపత్రికి వెళ్దాం. నేనూ వస్తాను" అన్నారు.

డాక్టరమ్మ ఫోటో తీయించింది. ముల్లు కనిపించింది. నా ప్రాణం సగం పోయింది. ఆమె గబగబా హిందీలో చెప్పింది, రూతమ్మగారు నాకు నిమ్మళంగా చెప్పారు: ఇలాంటి ముల్లు చాలామందికి ఉంటుందట, నొప్పి లేనివాళ్ళకు కూడా. నొప్పి దానిది కాదట. కోత లేదు. కసరత్తు, మెత్తని చెప్పులు, ఓపిక. నెలలు పడుతుంది, కానీ తగ్గుతుంది.

"ముల్లుది కాకపోతే మరి నొప్పి ఎవులిదమ్మగారూ?" అన్నాను రిక్షాలో.

రిక్షా దిగాక ఆవిడ నన్ను ఇంటికి తీసుకెళ్ళి వరండాలో బట్టలు ఆరేసే దండెం చూపించారు. తాడు ఒక కొస గోడ మేకుకు, రెండో కొస స్తంభానికి.

"తాడు మీద రోజూ తడి దుప్పట్లు ఆరేస్తే ముందు ఎక్కడ పీచు లేస్తుంది?"

"మేకు దగ్గిర."

"నీ పాదం కింద ఇలాంటి పట్టీ ఒకటి ఉంది. మడమ దగ్గర మొదలై వేళ్ళ దాకా వెళ్తుంది. మడమే మేకు. రాత్రంతా ఆ పట్టీ ముడుచుకుని పడుకుంటుంది. పొద్దున్న లేవగానే నువ్వు దాని మీద తడి దుప్పటిలా పడతావు. అందుకే మొదటి అడుగుకే ప్రాణం పోతుంది. నాలుగడుగులకి అది సాగుతుంది, నీకు తగ్గినట్టుంటుంది. సాయంత్రం దాకా బరువు మోసి మళ్ళీ పీచు లేస్తుంది. పిక్క బిగుసుకుపోయి ఉంటే ఇంకా లాగుతుంది. అర్థమైందా?"

అర్థమైంది. పదేళ్ళ బడి చదువు నాకు లేదు కానీ, దండెం నాకు తెలుసు. ఆ క్షణం నుంచి నా కాలిలో ముల్లు పెరగడం ఆగిపోయింది.

కసరత్తులు మూడు. మంచం దిగకముందే తువ్వాలు పాదం కింద వేసి, రెండు కొసలూ పట్టుకుని వేళ్ళను నా వైపు లాక్కోవాలి. తరవాత గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేల విడవకుండా పిక్క సాగదీయాలి. సాయంత్రం, గడ్డకట్టిన నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి అరికాలు కింద దొర్లించాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆవిడ ఫ్రిజ్‌లో నా కోసం రెండు సీసాలు పెట్టారు. ఒకటి తీసుకెళ్ళేదాన్ని, కరిగింది తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ వంకన రోజూ ఆవిడ ఇంట్లో పాకంలాంటి టీ తాగేదాన్ని.

లెక్క దగ్గర మాత్రం ఇద్దరికీ పడేది కాదు. ఒక్కో లాగుడూ ముప్పై లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలన్నారు. నేను ముప్పై గబగబా లెక్కపెట్టేసి వదిలేసేదాన్ని.

"ఎక్కడికే ఆ పరుగు? బండి వెళ్ళిపోతోందా?"

"పొయ్యి మీద పాలున్నాయమ్మగారూ."

"సరే, అంకెలు వద్దు. మీ ఊరికి రైల్లో ఎలా వెళ్తావు? పెద్ద స్టేషన్లు వరసగా చెప్పు, ఒక్కో దానికీ ఒక నిండు ఊపిరి."

టాటానగర్ నుంచి మొదలుపెట్టాను. ఖరగ్‌పూర్. బాలాసోర్. భద్రక్. కటక్. భువనేశ్వర్. ఖుర్దా రోడ్. బరంపురం. పలాస. శ్రీకాకుళం రోడ్. ఊపిరి తీసి, ఊపిరి వదిలి, విజయనగరంలో దిగేసరికి పిక్క మెత్తబడింది. ఆవిడ నవ్వారు. "పుట్టింటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క స్టేషనూ వదలవు కదా!"

నెల గడిచింది. నెలన్నర గడిచింది. కసరత్తులు ఒక్కరోజు మానలేదు. నొప్పి వెంట్రుకవాసి తగ్గింది, అంతే. ఈలోగా ముహూర్తాలు వచ్చాయి. ఒక పెళ్ళిలో పులుసు మరుగుతుండగా నా కాలు ఇక మోయలేదు, బియ్యం బస్తా మీద కూలబడ్డాను. పులుసు పొంగి పొయ్యిలో పడింది. అప్పలనర్సమ్మ పిన్ని వచ్చి మంట తగ్గించింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"సూడు పైడమ్మా, నాకు నీ మీద కోపం నేదు. కానీ పెద్ద పొయ్యి దగ్గిర కూకునే మనిసి నాకు పనికిరాదు. ఈ మూర్తాలు అయ్యేలోపల సూడు. తగ్గకపోతే నువ్వు కత్తిపీట కాడికొచ్చీ. పొయ్యికి ఇంకో మనిసిని సూసుకుంటాను."

కత్తిపీట దగ్గర కూర్చోవడం నామోషీ అని కాదు. ముహూర్తాలు లేని నెలల్లో పిన్ని చిన్న చిన్న వంటలకు పిలిచేది పొయ్యి మనుషుల్నే. తరిగేవాళ్ళు ఆ నెలల్లో ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉంటే దుర్గ చదువు ఆగుతుంది. మర్నాడు సాయంత్రం రూతమ్మగారి దగ్గరకు ఏడుపు మొహంతోనే వెళ్ళాను. ఆవిడ కాలు నొక్కి చూసి మొహం ముడుచుకున్నారు.

"నువ్వు కసరత్తులు చెయ్యడం లేదు."

"సేత్తన్నానమ్మగారూ, దేవుడి మీద ఒట్టు."

"నేను ఇలాంటి కాళ్ళు వందల్లో చూశాను. చేస్తే ఈపాటికి సగం తగ్గాలి. చెప్పులు లేకుండా నడుస్తున్నావా?"

"నేదు. ఇంట్లోనూ ఏసుకుంతన్నాను, మీరు సెప్పినట్టే."

"అయితే అబద్ధం నీదైనా కావాలి, నీ కాలిదైనా కావాలి."

ఆ మాట నాకు మడమ నొప్పి కంటే ఎక్కువ దిగింది. సీసా అక్కడే పెట్టేసి వచ్చేశాను. వారం రోజులు ఆ వరండా వైపు చూడలేదు. అయినా పొద్దున్నే తువ్వాలు మాత్రం లాగాను. ఆవిడ మీద కోపంతోనే లాగాను; ఖరగ్‌పూర్, బాలాసోర్ అని పళ్ళు బిగించుకుని.

ఎనిమిదో రోజున ఊళ్ళోనే కాసిడీహ్‌లో పెళ్ళి. పెళ్ళికూతురి తండ్రి రూతమ్మగారి అన్నగారికి స్నేహితుడట, ఆ సంగతి నాకు తెలియదు. మధ్యాహ్నం అన్నం వారుస్తున్నాను. నేల అంతా గంజి, నీళ్ళు, కడిగిన కూరగాయల చెత్త. తల ఎత్తితే వంటశాల గుమ్మంలో పట్టుచీర కట్టుకుని రూతమ్మగారు. ఆవిడ నా మొహం చూడలేదు. నా పాదాలు చూస్తున్నారు.

"చెప్పులేవి?"

"బయట గుమ్మం కాడున్నాయి."

"ఎప్పటి నుంచి ఇలా నిలబడి ఉన్నావు?"

"తెల్లారి ఐదు నుంచి."

"రోజూ ఇంతేనా?"

"పెళ్ళుంటే ఇంతే. రేత్రి దాకా." అప్పటికీ నాకు ఆవిడ ఏమడుగుతున్నారో అర్థం కాలేదు. "మీరు సెప్పులు నేకుండా ఉండొద్దన్నారు, ఉండట్నేదు. బజారుకేసుకుంతన్నాను, ఇంట్లో ఏసుకుంతన్నాను. ఇది వంటిల్లు కదమ్మగారూ! వంటింట్లో సెప్పులెవులేసుకుంటారు?"

నిజం చెబుతున్నాను, నేను దాచలేదు. నాకు తట్టలేదు. మా ఇంట్లో పొయ్యి ఉన్న మూల కూడా చెప్పులు విప్పి వెళ్ళేదాన్ని. అది ఒట్టికాళ్ళతో ఉండడం కింద నా లెక్కలో రాలేదు. పుట్టినప్పటి నుంచీ వంటిల్లు అంటే చెప్పులు లేని చోటు. నీళ్ళలో చేప తడిసిందా అని అడిగితే చేపకేం తెలుస్తుంది?

రూతమ్మగారు గుమ్మం చెక్క పట్టుకుని గంజి నేల మీదికి వంగి చూశారు. నన్ను తిడతారనుకున్నాను.

"తప్పు నాదేనమ్మా," అన్నారు. "నలభై ఏళ్ళు ఆడవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను. ఎంతసేపు నడుస్తారు అని అడిగాను. ఎక్కడ నిలబడతారు అని ఒక్కరినీ అడగలేదు. నిన్ను అబద్ధాలకోరువి అన్నాను. మనసులో పెట్టుకోకు."

పెద్దవాళ్ళు నా చేత తప్పులు ఒప్పించడమే నేను ఎరుగుదును. తమ తప్పు తాము ఒప్పుకున్న పెద్దమనిషిని అంతకు ముందు చూడలేదు. 

ఆవిడ అక్కడితో ఆగలేదు. తిన్నగా అప్పలనర్సమ్మ పిన్ని దగ్గరకు వెళ్ళి, పైడమ్మ వంటశాలలో చెప్పులు వేసుకోవాలి అన్నారు. పిన్ని గరిటె పక్కన పెట్టింది. ఆమె గరిటె పక్కన పెట్టిందంటే యుద్ధమే.

"అన్నం ఉడికే కాడ సెప్పులేటమ్మా? అన్నపూర్ణ తల్లి ఉండే సోటు. రోడ్డు మీద పెంటంతా అట్టుకొచ్చి నా పొయ్యి కాడ ఎడతారా?"

"రోడ్డువి కాదండీ. వంటశాలలోనే ఉండేవి, వేరేగా. ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి అలాగే వేరే చెప్పులుంటాయి, బయటికి రావు."

"మీ ఆపరేసన్ గదిలో అన్నం ఉడుకుద్దేటి?"

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. రూతమ్మగారూ నవ్వారు. "ఉడకదండీ" అని, నమస్కారం పెట్టి, వెళ్ళి పెళ్ళి భోజనం చేసి వెళ్ళిపోయారు.  అంత తెలిసిన మనిషి, ఇంకో నాలుగు మాటలు గట్టిగా అనకూడదా? మర్నాడు ఆవిడ వరండాలో అదే అడిగాను.

"గెలిచి ఏం చెయ్యను?" అన్నారు. "గెలిస్తే ఆవిడ వంటశాలలో ఆవిడ ఓడిపోయినట్టు. ఓడిపోయిన మనిషి ఎదురుగా నువ్వు రోజూ చెప్పులేసుకుని నిలబడగలవా?"

రెండు రోజుల తరవాత ఏం జరిగిందో నాకు పిన్నే చెప్పింది. రూతమ్మగారు సాక్చీ బజారుకు వెళ్ళి, మడమ దగ్గర మందంగా, మెత్తగా ఉండే రబ్బరు చెప్పులు కొన్నారు. నాకు ఇవ్వలేదు. సంచి విప్పకుండానే పిన్ని ఇంటికి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టారట.

"ఇవి వీధి చూడలేదమ్మా. కొట్టు నుంచి మీ చేతికి వచ్చాయి. నేల మీద కూడా పెట్టలేదు. వీటిని మీ పొయ్యి దగ్గరకు రానివ్వాలంటే ఏం చెయ్యాలో మీకే తెలుసు, నాకు తెలియదు. కుదరదంటే మీ ఇంట్లోనే ఉంచండి, నేను మళ్ళీ అడగను. ఆ అమ్మాయిని పెద్ద పొయ్యి దగ్గర నిలబెట్టింది మీరు. నిలబడేలా చూడడం కూడా మీ చేతిలోనే ఉంది."

తరవాతి పెళ్ళికి వంటశాలకు వెళ్ళేసరికి పిన్ని నా కంటే ముందే వచ్చి ఉంది. పళ్ళెంలో పసుపునీళ్ళు. పళ్ళెం పక్కన ఆ చెప్పులు. ఒక్కోదాన్నీ పసుపునీళ్ళతో కడిగి, అడుగు తుడిచి, పెద్ద పొయ్యి ముందు పీట వేసి దాని మీద పెడుతోంది. తరిగేవాళ్ళు కత్తిపీటలు వదిలేసి చుట్టూ చేరారు.

"సెప్పులికి పసుపు రాత్తన్నావేటి పిన్నీ, పెళ్ళికూతురా?" అంది ఒకతె.

"నోరు ముయ్యే. నువ్వు పెళ్ళికూతురప్పుడు ఇంత సుబ్బరంగా నేవు," అంది పిన్ని. నా వైపు తిరిగి, "ఎక్కు. గుమ్మం దాటినాయంటే మాత్రం కాళ్ళిరగ్గొడతాను" అంది.

ఎక్కాను. ఎక్కేటప్పుడు కళ్ళకు అద్దుకున్నాను, పొయ్యిని కాదు, చెప్పుల్ని. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ రోజు సాయంత్రం నిలబడ్డప్పుడు కాలు సలిపింది కానీ కూలబడలేదు. ఆ ముహూర్తాలన్నీ అలాగే గడిచాయి. పొయ్యి దగ్గరకు ఇంకో మనిషి రాలేదు.

నొప్పి ఎప్పుడు పోయిందో చెప్పమంటే చెప్పలేను. అది వచ్చిన రోజు గుర్తుంది, పోయిన రోజు గుర్తు లేదు. అయిదో నెలో, ఆరో నెలో, ఒక పొద్దున్న పాలవాడు గంట కొడితే మంచం దిగి గబగబా తలుపు దాకా వెళ్ళి, గిన్నె పట్టుకున్నాక, గోడ పట్టుకోలేదని గుర్తొచ్చింది. పాలగిన్నెతోనే రూతమ్మగారి వరండాకు వెళ్ళాను. సంతోషం చెబుతారనుకున్నాను.

"తగ్గిందని మానేస్తావు చూడు, అప్పుడు మళ్ళీ వస్తుంది. తువ్వాలు లాగావా ఇవాళ?"

"నేదు."

"పో, లాగి రా. అప్పుడు టీ."

ఆవిడ నాకు నేర్పింది కాలి సంగతే అనుకున్నాను చాలాకాలం. కానీ దుర్గ చదువు దగ్గర, బంధువులతో మాటల దగ్గర, ఠేకేదారు ఆఫీసులో మా ఆయన కాగితాల కోసం తిరిగిన రోజుల్లో, ఎన్నిసార్లో నా నోటికి వచ్చిన గరుకు మాట మింగి, ఎదుటి మనిషి తన చేత్తో తను చేసేలా ఆ పని ఎలా అడగాలి అని ఆలోచించాను. ఆ ఆలోచన నాది కాదు. ఆవిడ పిన్ని చేతిలో పెట్టిన విప్పని సంచిలోంచి వచ్చింది.

పోయినేడు చలికాలంలో రూతమ్మగారు నిద్రలోనే పోయారు. నలభయ్యో రోజున వాళ్ళ అన్నగారి పిల్లలు చర్చి పక్క హాలులో జ్ఞాపకార్థ కూడిక పెట్టి భోజనాలకు మమ్మల్నే పిలిచారు. అప్పలనర్సమ్మ పిన్నికి డెబ్బై దాటాయి, వంటకు రావడం మానేసింది, కూతుళ్ళే చూసుకుంటున్నారు. అయినా ఆ రోజు తెల్లవారకుండానే ఆటో దిగింది. ఆమె సంచిలో గరిటె ఉంటుందనుకున్నాను. గుమ్మం దగ్గర కూర్చుని సంచిలోంచి కొత్త రబ్బరు చెప్పులు తీసింది. అంచుల్లో పసుపు ఇంకా ఆరలేదు. కాళ్ళకు తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని లేచి, పొయ్యి దాకా నడిచింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏటలా సూత్తావు? మడమ నీకొక్కదానికే ఉందేటి?" అంది.

ఆమెకూ ఎన్నేళ్ళ నుంచో నొప్పి ఉందన్నమాట. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఆమె పప్పు చూసింది, నేను అన్నం చూశాను. బయట వాళ్ళు రూతమ్మగారికి ఇష్టమైన పాటలు పాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అంతకు ముందు నాకు ఏడుపొస్తే కూర్చుని ఏడ్చేదాన్ని, మా ఆయన పోయినప్పుడూ అంతే. ఆ రోజు కూర్చోలేదు. నిలబడే ఏడ్చాను, గరిటె తిప్పుతూనే ఏడ్చాను, అన్నం ఎక్కడా అడుగంటలేదు. చివరి బంతి లేచేదాకా అలాగే నిలబడి ఉన్నాను. నిలబడగలుగుతున్నాను.